అత్త విప్పని ముడి

మా పక్కింటి అత్త పోయిన వారం కన్నుమూసింది. పాతబస్తీ జహనుమాలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అవతల ఆరేసిన మోదుగాకుల వాసన, పుల్ల విరిచే చిన్న చప్పుడు, వీటి మధ్యే నేను డిగ్రీ దాకా చదువుకున్నాను. ఆ చప్పుడు ఆగిపోయి చాలాకాలమైంది. ఎందుకు ఆగిందో చెప్పకుండా ఆమెను తలుచుకోవడం నాకు చేతకాదు.

అత్త విస్తర్లు కుట్టేది. కంచన్‌బాగ్ దాటాక గుట్టల మీద ఉన్న చిట్టడవి నుంచి ఆకు తెచ్చి, కుట్టి, అఫ్జల్‌గంజ్‌లో అమ్మేది. సెలవుల్లో ఇంట్లో కాలు నిలవక నేనూ ఆమె వెంట పోయేదాన్ని. నేను కుట్టిన మొదటి విస్తరిని ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది.

“మస్తుగున్నది బిడ్డా. దీంట్ల చారు వోస్తే పెండ్లికొడుకు తానం జేస్తడు.”

ఆ వెంటనే పక్కన చోటిచ్చి, ఆకు మీద ఆకు ఎట్లా ఎక్కించాలో చూపించింది. ఎగతాళి చెయ్యడమూ నేర్పడమూ ఆమెకు ఒకే పని.

ఆకుకు పోయే ఆడవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. తాను కోసుకునే చెట్టుకు పాత చీర పేలిక కట్టాలి. పేలిక ఉన్న చెట్టును మరొకరు ముట్టరు. కట్టిన మనిషే వచ్చి ముడి విప్పితే, అప్పుడా చెట్టు ఇంకొకరిది. నీళ్ల పంపు దగ్గర జుట్లు పట్టుకునేవాళ్లు కూడా గుట్ట మీద ఆ పేలికకు విలువిచ్చేవారు.

గుట్టల మీద నీలగిరి తోట వేస్తారన్న మాట పుట్టాక ఒక అధికారి జీపులో వచ్చాడు. ముందు మీ వాడకమేమిటో తెలుసుకుని విలువ కడతాం, తరువాతే మొక్కలు, అన్నాడు. అత్త అందుకుంది.

“ఎండకాలం ఇస్తార్లాకు. వానలు పడ్డంక మేకలకు మేత. దసర ముంగట సీతాఫలాలు. చీపురు గడ్డి గీడనే, బాలింతకు తుమ్మజిగురు గీడనే. ఇగ దేనికి విలువ గడ్తవ్ సారూ, నీడకా?”

అతను నవ్వాడు. చెట్టు చెట్టునూ అడిగి తెలుసుకున్నాడు. శ్రద్ధగా విన్నాడు, ఇప్పటికీ నన్ను కాల్చేది అదే. “మీకు అక్కరకొచ్చే చెట్లకు గుర్తు పెట్టుకోండమ్మా, వాటి జోలికి రాం,” అని మాటిచ్చి పోయాడు.

“రాసిమ్మను అత్తా,” అన్నాను.

“పేలిక గట్టినంక కాయితమెందుకే పోరీ? ఆయన మనిషి గాదా?”

పాత చీరలు చాలలేదు. బోనాలకు కొనుక్కున్న ఆకుపచ్చ చీర అంచును పంటితో కొరికి చింపింది. గుట్టంతా జాతరలా రంగురంగులైంది.

వానలకు ముందే అంతా కొట్టేశారు. మేం పోయేసరికి కంచె, కాపలా. మోదుగ కలపకు పనికిరాదు కనుక అక్కడ విలువైనదేమీ లేదని తేల్చారని కాపలా మనిషి చెప్పాడు. ఆ అధికారి మళ్లీ కనిపించలేదు.

కొన్నాళ్లకు కట్టెల అడితికి పోయాం. కుప్పలో ఒక సన్నటి కొమ్మకు ఆకుపచ్చ అంచు, ముడి ముడిగానే ఉంది.

“భాయ్, గిది నా చెట్టు,” అంది అత్త.

అడితివాడు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. “లే జావో, మా,” అని కొమ్మను లాగి ఆమె చేతికిచ్చాడు.

ఆ కొమ్మను తాను ఆకు కుట్టే చోట మేకుకు తగిలించింది. తరువాత ఇళ్లల్లో అంట్లు తోమే పనికి కుదిరింది. నీలగిరి ఎదిగాక ఒకసారి కంచె సందులోంచి ఆకు తెంపి నా అరచేతిలో పెట్టింది. “దీని మీద మెతుకన్న నిలుస్తదానే?”

ముడి విప్పి పారెయ్యరాదా అని అడిగానొకసారి.

“విప్పితే ఇచ్చినట్టే గద. నేనియ్యలే.”

మాటంటే మాటేనని నమ్మడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. చదువైపోయి ఉద్యోగాలు మారుతూ తిరుగుతున్నాను గానీ, ఆ నమ్మకాన్ని పెట్టుకోవడానికి ఎక్కడా చోటు దొరకలేదు. అయినా నేర్పినందుకు ఆమెకు రుణపడే ఉన్నాను.

నిన్న దినాల కోసం అత్త వాళ్లింటికి సున్నం వేస్తూ ఆమె కోడలు ఆ మేకు దాకా వచ్చింది. కొమ్మను తియ్యడానికి చెయ్యి చాచింది. ముడిని చూసి వెనక్కి తీసుకుంది. గోడంతా తెల్లబడింది. ఆకుపచ్చ పేలిక చుట్టూ మాత్రం, కొమ్మ పొడుగునా, పాత పొగరంగు అట్లాగే ఉంది.