చివరి పుటలు లేని మాయల నవల

యాభైల్లో మాట. "వానలు వెనకబట్టినాక ఇట్లాంటిదే చదవాలప్పా" అంటూ రైల్లో ఎదురుగా కూర్చున్న రైతు ఒక మాయల నవల నా చేతిలో పెట్టినాడు. గుత్తి నుంచి తలెత్తకుండా చదివినా. కడప దాటినాక, రాకుమారుడు గొంతు దాకా రాయి అయిపోయిన చోట, చూస్తే చివరి పుటలు చించేసి ఉండాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమప్పా, చదవమని ఇచ్చేటోడివి ముందే చెప్పొద్దా? ఎవరు చించింది?"

"నేనే" అన్నాడు తొణక్కుండా. "మా చేన్లో శనక్కాయలు తెంపే ఆడోళ్ళకు దినామూ చదివి వినిపిస్తాండా. కథ అయిపోతే మర్నాడు ఇంకో చేనికి పోతారు. అందుకని చివర నేనే అల్లుతా. ఇరవై దినాలుగా ఆ పిల్లోన్ని రాయిగానే నిలబెట్టినా."

"మరి ఎట్ల లేస్తాడు?"

"ఇంగా రెండెకరాల కాయ ఉండాది. అప్పుడే ఎట్ల లేస్తాడు?" అని పుస్తకం లాక్కుని ఒంటిమిట్టలో దిగిపోయినాడు.

మూడేండ్లకు నాకు పూర్తి పుస్తకం దొరికింది. ఎవరో ముని వచ్చి కమండలం నీళ్ళు చల్లినాడు, పిల్లోడు లేచినాడు. అంతే. లేపడానికి అర పుట, పెండ్లి విందుకు మూడు పుటలు.

ఆ రైతు మీద కోపం ఆ పూటతోనే పోయింది. రాసినాయన మీద మాత్రం ఇప్పటికీ పోలేదు.