పెద్ద డ్రమ్ము పిల్ల ఫోటో

బడి బ్యాండు పిల్లలందరికీ ఆయన ఫోటో అంకుల్. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించడం ఆయన ఉద్యోగం. బ్యాండుకు ఫోటోలు తీయడం మాత్రం ఎవరూ అడక్కుండానే నెత్తికెత్తుకున్న పని. కూతురు పెద్ద డ్రమ్ము మెడకు తగిలించుకున్న రోజే ఈయన కెమెరా తగిలించుకున్నాడు. ఎండనక వాననక బ్యాండుకు ఎదురుగా, వెనక్కి వెనక్కి నడుస్తూ తీసేవాడు. ఒకసారి అలాగే మురిక్కాలవలో పడ్డాడు. నడుం విరిగినంత పనైనా కెమెరాను మాత్రం తడవనివ్వలేదు.

ఇంకా యూనిఫాంలు కుట్టక ముందే, మొదటి ప్రాక్టీసు ఫోటోలు బడి గోడకు అంటించారు. ట్రంపెట్ ఊదే పిల్లవాడి తల్లి వాటిని చూసి, "ఏ ఫోటోలో చూసినా ఆయన కూతురే. మన పిల్లలు ఊరికే పక్కన నిలబడ్డానికి వచ్చారు కాబోలు" అంది. ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు. తండ్రి కన్ను మరి, ఇంకెటు పోతుంది? కానీ ఈయనకు రోషం ముక్కు మీదే ఉంటుంది. ఆ ఫోటోలన్నీ అక్కడికక్కడే పీకేశాడు, కెమెరాలోవీ చెరిపేశాడు. ఆ రోజు నుంచి కెమెరా కూతురి వైపు తిరగలేదు. అంతటితో ఊరుకున్నాడా? "మీరెవరూ ఫోన్లు పట్టుకుని వరసకు అడ్డం రాకండి. ఫోటోల సంగతి నాకొదిలేయండి" అని తల్లిదండ్రులందరికీ గట్టిగా చెప్పాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు పిల్ల అడిగేది.

"నాన్నా, ఇవాళైనా నన్ను తీశావా?"

"నువ్వెక్కడికి పోతావులేమ్మా. ఎప్పుడైనా తీయొచ్చు."

యూనిఫాం, టోపీ బడి బీరువాలోనే ఉండేవి, ఇంటికి పంపేవారు కాదు. అందరూ కలిసి దిగిన ఫోటోలో పిల్లకు డ్రమ్ము గడ్డం దాకా వచ్చింది, టోపీ కళ్ళ మీదికి జారింది. మధ్యలో కనబడేది ముక్కు ఒక్కటే. దాన్ని చూసి తండ్రీకూతుళ్ళు కడుపుబ్బ నవ్వుకున్నారు.

వానాకాలం జ్వరం పిల్లను తీసుకుపోయింది. ఆసుపత్రిలో చేర్చిన వారంలోనే అంతా అయిపోయింది.

కొన్నాళ్ళకు భార్య అడిగింది. "ఆ టోపీ పెట్టుకున్న ఫోటో ఒకటి గోడకు పెట్టించండి. ఆ వేషం దానికెంత ఇష్టమో."

ఆయన పాత ఫోటోలన్నీ వెతికాడు. ఊరి పిల్లలందరూ ఉన్నారు. తన పిల్ల మోచెయ్యి ఉంది, డ్రమ్ము కర్ర ఉంది, ముఖం లేదు. సిగ్గు విడిచి ఇంటింటికీ తిరిగి అడిగాడు. అందరిదీ ఒకటే మాట: "మీరే వద్దన్నారు కదండీ." ఎవరూ దెప్పిపొడవాలని అనలేదు. అందుకే ఆ మాట ఆయనకు మరీ గుచ్చుకుంది. తన చేతులు తానే నరుక్కోవాలనిపించింది.

చివరికి ట్రంపెట్ పిల్లవాడి తల్లే దుకాణానికి వచ్చింది. తలెత్తకుండా ఫోను ముందుకు జరిపింది. "మీరు వద్దన్నా, మావాడి కోసం దొంగచాటుగా ఒకటి తీశానన్నయ్యా. వాడి వెనక చూడండి."

వెనక వరసలో పిల్ల. టోపీ సరిగ్గా కూర్చుంది. డ్రమ్ము కర్ర పైకెత్తి, పక్కకు చూస్తూ నోరంతా తెరిచి నవ్వుతోంది. అది చూస్తున్న వైపు, ఫోటో అంచున ఈయన నిలబడి ఉన్నాడు. దానికి వీపు తిప్పి, ఎవరి పిల్లనో ఫోటో తీస్తున్నాడు.

పటం కట్టించే ముందు ఆ అంచును కత్తిరించేయించాడు.

భార్య పటాన్ని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడిచింది. చాలాసేపు చూసుకుంది.

"ఎంత బాగా నవ్విందో చూడండి. ఎవర్ని చూసి నవ్విందంటారు?"

"ఏమో" అన్నాడాయన.