చెక్క పొరల్లో అమ్మ ముఖం

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది, మొగల్తూరులోని మా ఇంట్లో మాటలు కూడా ఆవిడతోనే వెళ్ళిపోయాయి. నాన్న చేపల బుట్టలు లారీకెక్కించి వచ్చి, నాకింత అన్నం పెట్టి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ మాటెత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. దాంతో నేనూ ఎత్తడం మానేశాను. ఉన్న ఒక్క పెళ్ళి ఫోటో తుఫాను నీళ్ళలో నాని తెల్లబడిపోయింది. ఒకరోజు జడ వేసుకుంటూ ఉంటే అమ్మ ముఖం నాకు గుర్తు రాలేదు. చెయ్యి గుర్తుంది, చీర వాసన గుర్తుంది, ముఖం మాత్రం లేదు. భయమేసి పక్కింటికి పరుగెత్తాను.

పక్కింటి బాబాయిగారు చెక్కతో మనుషుల బొమ్మలు చేసేవారు. కాగితమంత పలుచటి చెక్క పొరల్ని సన్నటి కత్తితో కోసి, ఒకదాని పక్కన ఒకటి అతికించి ముఖం తెప్పించేవారు. రంగు పూయడమన్నది లేదు. పనసకి పసుపు, ఇరుగుడు కర్రకి నలుపు, చెక్కకి పుట్టుకతో వచ్చిన రంగే. అమ్మ బొమ్మ చెయ్యమని ఆయన దగ్గర ఏడ్చాను.

"చేస్తానమ్మా. కానీ మీ అమ్మ ముక్కుపుడక ఏ పక్కన పెట్టుకునేదో నాకు తెలీదే. మీ నాన్నని అడిగి రా" అన్నారు.

ధైర్యం కూడగట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది. నాన్న అన్నం తింటుండగా అడిగాను. కంచంలో చెయ్యి ఆగిపోయింది. తలెత్తకుండానే, "కుడిపక్క. రెండువైపులా కుట్టించారు గానీ, ఎడంపక్కది చిన్నప్పుడే పూడిపోయిందంట" అన్నాడు.

బాబాయిగారు ఆ ముక్క అతికించి, పాపిడి గురించి అడిగి రమ్మన్నారు. తర్వాత కనుబొమలు, గడ్డం. నాన్న జవాబులు మెల్లగా పెరిగాయి. బొమ్మకి అక్కర్లేనివీ చెప్పేవాడు. అమ్మకి పడవెక్కాలంటే భయమట, పులుసు కాగుతున్నంతసేపూ ఏదో కూనిరాగం తీసేదట. చివరికి ఒంటిరంగుకి ఏ చెక్క పెట్టాలని అడిగితే, చొక్కా తగిలించుకుని నాతో బాబాయిగారింటికి వచ్చాడు. పొరలన్నీ వెలుతురులో పట్టి చూసి, ఒకదాని మీద అరచెయ్యి ఆనించి, "ఇదండి" అన్నాడు. అక్కడే కూలబడి ఏడ్చాడు. నేను వెళ్ళి నాన్న ఒళ్ళో కూర్చున్నాను.

నాకు పెళ్ళయ్యాక ఎప్పుడో పక్కింటి పిన్ని నవ్వుతూ అంది, "మీ బాబాయికి ముక్కుపుడక ఏ పక్కనో తెలీకపోవడమేంటే? మీ అమ్మ రోజూ మా గుమ్మంలోనే కూర్చునేది కదా!"

మా ఆయన పోయి ఇప్పటికి కొన్నేళ్ళు. చూడ్డానికి వచ్చినవాళ్ళు నా మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతారు, ఎండల గురించి మాట్లాడతారు. నేను బాధపడతానని ఆయన పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. వాళ్ళ తప్పు కాదు. కాఫీ గ్లాసు చేతికిచ్చి నేనే మొదలుపెడతాను, "ఆయనకి చింతచిగురూ రొయ్యలూ అంటే ప్రాణమండి..." అని.