పసుపు మూలల కార్డులు

మా ఫ్యాక్టరీ లైనులోకి ప్లాస్టిక్ సామాన్లు పోతపోసే చైనా యంత్రం వచ్చిన రోజు అందరూ సంబరంగా దాని చుట్టూ చేరారు. నేను మాత్రం దాని తెర చూసి అక్కడే నిలబడిపోయాను. ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు, అన్నీ చైనా అక్షరాలే. ఆ తెర ముందు నిలబడి మీటలు నొక్కాల్సింది నేను. అవతలి పక్క నిలబడి, రెండు ఇనప దిమ్మెల మధ్య చెయ్యి పెట్టి, ఇరుక్కున్న ప్లాస్టిక్ ముక్కను లాగాల్సింది అక్క.

సొంత అక్క కాదు. గురుబరపల్లి నుంచి కంపెనీ బస్సులో హోసూరు వస్తుంది, నాకంటే పదేళ్ళు పెద్ద. సూళగిరిలో నేను ఎక్కేసరికి పక్క సీటులో తన సంచి పెట్టి ఉంచుతుంది. ఎవరైనా ఆ సంచి తీయబోతే వాళ్ళ పని అంతే. చిన్నప్పుడు గొర్రెలు కాసి, పెద్దయ్యాక కూలికెళ్ళి, ఇప్పుడు ఈ పనిలో చేరింది. చదువు రాదు.

"మూడు వారాల్లో ఆ మాటలు నేర్చుకోమ్మా, ఇరవై నాలుగే కదా," అన్నాడు సూపర్‌వైజరు. అంతవరకు యంత్రం బిగించడానికి వచ్చిన టెక్నీషియనే మీటలు నొక్కుతాడట. తలుపు తెరిస్తే యంత్రం తనంతట తనే ఆగాలి గానీ, ఆ స్విచ్చి చెడిపోయింది. సామాను వచ్చేదాకా జాగ్రత్తగా ఉండమన్నాడు. జాగ్రత్త అనడానికి ఆయనకేం పోయింది, చెయ్యి ఆయనది కాదుగా. ఒళ్ళు మండింది నాకు. అయినా తలూపాను.

మా ఆయన ఫోన్లో ఒక యాప్ దించి పెట్టాడు. కార్డుల్లాగా ఒక్కో మాటా వస్తుంది, మనం అర్థం చెప్పాలి. మొదటిరోజు వచ్చినవి నేను, నువ్వు, పిల్లి, టీ. ఆ పిల్లిని పెట్టుకుని నేనేం చేసుకోను? మూడు రోజులు పోయినా ఆపిల్ పండు దాటి ముందుకు పోలేదు. దిమ్మె అనే మాట ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. పైగా అందులో తప్పు చెబితే కాసేపాగి మళ్ళీ అదే మాట అడుగుతుంది. యంత్రం మళ్ళీ అడగదు.

ఆదివారం హోసూరులో పుస్తకాల షాపుకు పోయి అట్టపెట్టెలో ఉన్న కార్డులు కొన్నాను. దళసరి కాగితం, ముద్దొచ్చే బొమ్మలు. తలుపు, చెయ్యి, తెరువు, మూయి, అన్నీ ఉన్నాయి. హమ్మయ్య అనుకుని నాలుగు రోజులు బట్టీ పట్టాను. అయిదో రోజు తెర మీద ఆ 'తెరువు' కోసం వెతికితే ఎక్కడా లేదు. టెక్నీషియన్‌కు కార్డు చూపించాను. అవి పాత రాతలో ఉన్నాయట, యంత్రం మీద ఉన్నది కొత్త రాత అట. తలుపు బొమ్మలా ఉన్న అక్షరాన్ని కొత్తవాళ్ళు ఎంతో కురచ చేసేశారు. నాలుగు రోజుల కష్టం గంగపాలు. షాపువాడు, "సీలు విప్పేసినారు కదమ్మా, వాపసు తీసుకోలేను," అన్నాడు.

ఇక వారం మాత్రమే మిగిలింది. నిద్రపడితే చాలు, అక్క కేక వినిపించినట్టు ఉలిక్కిపడి లేచేదాన్ని. చివరికి ఎవరి కార్డులూ వద్దు, నావి నేనే చేసుకుంటాననుకున్నాను. టెక్నీషియన్ పక్కన నిలబడి తెర మీద ఉన్నవన్నీ గీత గీతా చూసి రాసుకున్నాను. గట్టి కాగితం కావాలి. మా ఇంట్లో పెళ్ళిపత్రికలు పారేయరు, అటక మీద కట్ట ఉంది. వాటిని ముక్కలుగా కత్తిరించి, రాత లేని వైపు చైనా మాట రాశాను. వెనకవైపు మొదట ఇంగ్లీషు మాట రాద్దామనుకున్నాను. కానీ అక్క చెయ్యి లోపల ఉన్నప్పుడు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చుకునే తీరిక ఎక్కడిది? అచ్చు అక్షరాల మీద తెల్లకాగితం అంటించి, నేరుగా 'దిమ్మెలు తెరుచుకుంటాయి', 'దిమ్మెలు మూసుకుంటాయి' అని రాసుకున్నాను.

పొద్దున బస్సులో అక్క ఒక్కో కార్డూ పట్టుకునేది, నేను చెప్పేదాన్ని. తప్పో ఒప్పో తనకు తెలియదు. నేను కార్డు తిప్పి చూశాక నా మొహం చూసి తెలుసుకునేది. శనివారానికి ఇరవై నాలుగూ తడుముకోకుండా చెప్పేశాను. "మా పాప చైనా బాస నేర్చేసింది," అని బస్సంతా చాటింది అక్క. నేనూ పొంగిపోయాను, దాచుకోవడం ఎందుకు.

సోమవారం టెక్నీషియన్ వెళ్ళిపోయాడు. పది గంటల టీకి ముందు ముక్క ఇరుక్కుంది. అక్క తలుపు తీసి మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టింది. "ఇంకా కొంచెం తెరువమ్మా, రాలేదు," అంది.

వేలెత్తాను. తెర మీద పక్కపక్కనే రెండు మీటలు. ఒకటి తెరిచేది, ఒకటి మూసేది. రెండింటికీ రెండో అక్షరం ఒకటే. మొదటి అక్షరం కేసి చూస్తున్నాను, ఏమీ తోచడం లేదు. కళ్ళు తెర మూలల్లో దేనికోసమో వెతుకుతున్నాయి. దేనికోసమో అప్పుడు అర్థమైంది. పసుపు కోసం.

పెళ్ళిపత్రిక నాలుగు మూలలా పసుపు పూస్తారు కదా. రాత లేని వైపుకూ ఇంకిన ఆ మరకలు, కత్తిరించినప్పుడు కొన్ని కార్డులకే వచ్చాయి. మూసేది పసుపు మూల కార్డు, తెరిచేది మరక లేని కార్డు. ఈ రెండు మాటల్లో వారం రోజులుగా నేను నేర్చుకున్నది మరకలు! అక్షరాల జోలికే పోలేదు నా కళ్ళు.

వేలు ఎడమ మీట మీదికి ఎప్పుడు పోయిందో, దాదాపు ఆనింది. "అక్కా, చెయ్యి తీయి," అన్నాను. ఏమైందోనని అక్క చెయ్యి లాగేసుకుంది. రెండు చేతులూ బయట చూశాకే, నొక్కబోయిన మీటనే నొక్కాను. దిమ్మెలు దడాలున మూసుకున్నాయి.

టీ దగ్గర అక్కతో అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. గ్లాసు కింద పెట్టి కుడి చెయ్యి ఇటూ అటూ తిప్పి చూసుకుంది. "నువ్వు నేర్చుకున్నానంటే నేను నమ్మినానమ్మా," అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు నేను వెళ్ళేసరికి తెర మీద, మూసే మీట పక్కన, పసుపు బొట్టు ఉంది. ఏ మీటో సూపర్‌వైజర్‌ను అడిగి మరీ పెట్టిందట అక్క. పొడి గుడ్డతో తుడిచేశాను. "ఎందుకు తుడిచినావు?" అంది. "పేజీ మారితే అదే చోటికి ఇంకో మీట వస్తుందక్కా. బొట్టు ఆడనే ఉంటుంది," అన్నాను. "అయితే నీకు వచ్చేదాకా నేను చెయ్యి పెట్టను," అంది. సూపర్‌వైజరు అరిచాడు. వెదురు పుల్లతో లాగుతూ ఆ వారం గడిపింది, పని సగానికి పడిపోయినా వినలేదు.

ఈసారి మరకలేని తెల్ల అట్ట తెచ్చాను. ఒక్కో మాటకు ఐదు కార్డులు, ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా, ఒకటి వంకరగా. మూసే మాట అయిదో కార్డు అక్కే గీసింది, ఎప్పుడూ పెన్ను పట్టని చేత్తో. ఇంటి కప్పు, కింద గీత, దాని కింద పెట్టె. "నా చెయ్యి తినేది ఇదేనా?" అని అడిగి, చాలాసేపు దాన్నే చూసింది.

ఇప్పుడు స్విచ్చి బాగైంది. ఆ మాటలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా మీట మీద వేలు పెట్టేముందు "అక్కా" అంటాను. అక్క తలుపు అద్దం అవతల రెండు చేతులూ ఎత్తుతుంది. పది వేళ్ళూ లెక్కపెట్టి నొక్కుతాను. మొన్న తొమ్మిదే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను, తొమ్మిదే. అక్క అద్దంలోంచి నా మొహం చూసి, చిటికెనవేలు మడిచి బొటనవేలి కింద పట్టుకున్న ప్లాస్టిక్ ముక్కను వదిలేసింది.

"ఈడే ఉంది చూడమ్మా," అని ఆ వేలు ఆడించి చూపించింది. ఆ పూట మాత్రం మీట నొక్కడానికి నాకు వేలు రాలేదు.