ఆల్బమ్ సెలక్షన్ నాడు రీబిల్డ్

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ప్రతి యంత్రమూ నా మాట వింటుందని నాకు గట్టి నమ్మకం. సూర్యాపేటలో ఒక పెళ్ళిళ్ళ ఫొటో స్టూడియోకి కంప్యూటర్లు చూసిపెట్టేవాణ్ణి. ఓనర్‌ని అందరూ ఫోకస్ అన్న అనేవారు (ఫొటోలో అది పోయినా నవ్వేసేవాడు గనుక). ఫొటోలన్నీ ఒక సర్వర్‌లో ఉండేవి. అందులో నాలుగు డిస్కులు. ఒకటి చచ్చిపోతే మిగతా మూడూ కలిసి దాని జ్ఞాపకాన్ని కొత్త డిస్కులోకి నింపుతాయి. దాన్నే రీబిల్డ్ అంటారు. నింపేలోగా ఇంకొకటి పోయిందా, అన్నీ పోయినట్టే.

ఆ ఉదయం ఒకటి పోయింది. కొత్తది పెట్టి రీబిల్డ్ మొదలుపెట్టాను. కాసేపటికి రెండో డిస్కు మీద ఎర్ర గీతలు, చదవలేకపోతున్నానంటూ. సరిగ్గా అప్పుడే ఆల్బమ్ సెలక్షన్‌కి రెండు కుటుంబాలు దిగాయి. పిల్లది తిరుమలగిరి, పిలగాడిది కోదాడ. వాళ్ళ పెళ్ళి ఫొటోలు ఆ డిస్కుల్లో తప్ప ఎక్కడా లేవు. కెమెరా కార్డులు చెరిపేసి మర్నాడే ఇంకో పెళ్ళికి వాడేశారు. వాళ్ళు ఒక్కో ఫొటో తెరిచినప్పుడల్లా నా తెరపై ఇంకో ఎర్ర గీత. డిస్కుని కాసేపు దాని మానాన వదిలెయ్యాలి. ఆ మాటే అన్న చెవిలో వేశాను.

"చెప్పకు తమ్ముడూ. చెప్తే పెండ్లి మల్ల చేపియ్యమంటరు" అన్నాడు. నవ్వలేదు.

చెప్పకూడదు, ఆపాలి. ఆలోచించి, ఏమీ ఎరగనట్టు ఒకే ఒక ప్రశ్న వేశాను: ఇప్పటిదాకా ఎంచినవాటిలో పిల్ల తరపువి ఎక్కువా, పిలగాని తరపువి ఎక్కువా అని.

మౌస్ మీది చెయ్యి ఆగిపోయింది. పిల్ల మేనమామ ముందుకు జరిగాడు. "నేను బుట్టల పిల్లను మోసుకొచ్చింది ఒక్కటే పెట్టిన్రు. మీ పిలగాడు కారు దిగుడు మాత్రం ఎటు సూసినా అదే."

"పెళ్ళికొడుకండీ అన్నయ్యగారూ, కారు దిగకుండా పెళ్ళెలా అవుద్ది?" అంది పిలగాడి మేనత్త.

"దిగనీ అక్కా. కారు మోసింది ఎవ్వల్లేరు గద. నా నడుము ఇంకా నొస్తాంది."

నా ఆనందం చెప్పలేను. తెరపై రీబిల్డ్ శాతం పరుగు తీస్తోంది, ఎర్ర గీతలు ఆగాయి. ఇక్కడ మాట పెరుగుతుంటే అక్కడ డిస్కు నిండుతోంది! నెమ్మదిస్తే ఎగదోయడానికి ఇంకో రెండు ప్రశ్నలు సిద్ధంగా పెట్టుకున్నాను (అవసరమే రాలేదు). మాట అలంకరణకీ, భోజనాలకీ పాకి, చివరికి మేనత్త రెండు వేరు వేరు ఆల్బమ్‌లు చేయించుకుందామంది. మేనమామ వెళ్ళిపోదామని లేచి చెప్పుల కోసం చూశాడు. కొత్త పెళ్ళికూతురు మొహం ఎర్రబడింది. ఫొటోలు మిగిలి, వాటిలోని కాపురం పోయేలా ఉంది. తెరపై ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఆపాలా, ఆగాలా? మేనమామ వైపోసారి, తెర వైపోసారి చూశాను.

అంతలో చివరి శాతం నిండింది. "అయిపోయింది" అని పైకే అనేశాను.

మేనమామ నా వైపు తిరిగాడు. "ఏందయ్యా అయిపోయింది? మా పంచాయితీ ఇప్పుడే గద అందుకుంది."

ముందు నవ్వింది పెళ్ళికూతురు. తర్వాత మేనత్త. బుట్ట ఫొటోలు ఇంకో రెండు పెట్టమని ఆవిడే చెప్పింది, టీలు తెప్పించమంది. ఎర్ర గీతల డిస్కుని సాయంత్రమే మార్చేశాను. మొత్తంమీద పాడైంది ఒక్క ఫొటో, పిలగాడు కారు దిగుతున్నది, నడుము కిందంతా బూడిదరంగు. చూపిస్తే, అలాంటివి శానా ఉన్నయ్ లే అన్నాడు ఫోకస్ అన్న.

ఇప్పుడు నేను పనిచేసేచోట చల్లటి గదిలో వరసలుగా సర్వర్లు, ప్రతి ఫైలుకీ వేరేచోట ఇంకో ప్రతి. రీబిల్డ్ నడుస్తుంటే కంగారుపడేవాళ్ళు లేరు, కసురుకునేవాళ్ళూ లేరు. అయినా శాతం నెమ్మదించినప్పుడల్లా, ఎవరినైనా ఏదో ఒకటి అడుగుదామని చుట్టూ చూస్తాను. గదిలో ఎవరూ ఉండరు. నాలో నేనే నవ్వుకుని, మళ్ళీ తెర వైపు తిరుగుతాను.