ఆరు ఆకులకు ఆరు బొట్లు

ఇంజనాయిలు పట్టిన ఇనుము మీద చందనం ఆరితే ఒక వాసన వస్తుంది. అన్నూరు దగ్గరి దూది మిల్లు నుంచి నిన్న నా వర్క్‌షాపుకు దిగిన చక్రానికి ఆ వాసనుంది. చక్రం నిజంగా ఆగేదాకా మిషను మూత తెరుచుకోకుండా తాళం చేసివ్వాలి. తిరుగుతోందో ఆగిందో మైక్రోకంట్రోలరుకు చెప్పే సెన్సారు ఏదన్నదే మిగిలింది: వెలుతురుతో చూసేదా, అయస్కాంతం దగ్గరికొస్తే పసిగట్టేదా. రెండూ బల్ల మీదే ఉన్నాయి. వెలుతురుదాన్ని ముట్టుకుంటే మా అత్త గుర్తొస్తుంది.

నాయన చెల్లెలు ఆమె, చిన్నప్పుడే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. ఇంటి వెనక మా చిన్న దూది మిల్లును నడిపింది ఆమే. దసరాకు, ఈశాన్యపు వానలు పట్టకముందు, ఆయుధపూజ వచ్చేది. దూది కుప్పల్లో దాగుడుమూతలాడి తుమ్ముతూ లేచే మాకు బొరుగులు, పుట్నాలు, బెల్లం ఒళ్లో పోసి, అవ్వ తమలపాకు నములుతూ అరుగు మీద కూర్చుంటే, అత్త చీర కొంగు దోపుకుని చక్రాన్ని కడిగి, ఇరుసు నుంచి అంచుకు పోయే ఆరు ఆకులకూ ఒకే ఎత్తున, వేలితో కొలిచి, చందనం, కుంకుమ పెట్టేది. తనకు లేని బొట్టు చక్రానికి పెడుతోందని బంధువులు గొణిగేవాళ్లు. అవ్వ ఆ మాటలు చెవిన పెట్టేది కాదు.

ఆ ఏడు మిల్లులో కొత్తగా ట్యూబులైట్లు వేశారు. పూజ మరునాడు మిషను కింద దూది ఇరుక్కుంటే అత్త స్విచ్చి ఆపి, వంగి చూసింది. నేను గడపలో బొరుగులు తింటున్నాను. ఆరు బొట్లూ కదలకుండా నిలబడి ఉన్నాయి, నేనూ చూశాను.

"నిలిచిపోయింది కణ్ణు, బొట్లన్నీ తెలుస్తా ఉండాయి" అని ముద్దుగా నాతో అంటూ అత్త చెయ్యి పెట్టింది.

కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. విధవ బొట్టు పెడితే అమ్మవారు ఊరుకుంటుందా అన్నారు బంధువులు. చక్రం నిలిచి ఉండడం నేనూ చూశానంటే నా నోరు మూయించారు. అత్త మళ్లీ మిల్లు గడప తొక్కలేదు. ఎడమచేత్తో అన్నం కలుపుకుంటూ అప్పుడప్పుడు నాతో మాత్రం అనేది: "నా కండ్లారా చూస్తిని, నిలిచే ఉండె." పోయేదాకా అదే మాట. చివర్లో ఆ మాట తనే నమ్మడం మానేసింది.

కాలేజీలో చాలా ఆలస్యంగా తెలిసింది. స్విచ్చి ఆపాక కూడా చక్రం ఊపు మీద కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ట్యూబులైటు మనకు తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటుంది. వెలిగిన ప్రతిసారీ ఒక ఆకు చోటుకు పక్క ఆకు సరిగ్గా వచ్చి చేరితే, తిరిగే చక్రం ఆగినట్టే కనిపిస్తుంది. అత్త కన్ను తప్పు కాదు, అమ్మవారి కోపం అసలే కాదు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చెప్పడానికి అత్త లేదు, తిట్టడానికి ఆ బంధువులూ ఊళ్లో మిగల్లేదు.

మా మిల్లున్న చోట ఇప్పుడు గోడౌను ఉంది. దూది కుప్పలు లేవు, ఆయుధపూజకు ఒళ్లో బొరుగులు పోసే చెయ్యీ లేదు.

అయస్కాంతాన్నే ఎంచుకున్నాను. వెలుతురు సెన్సారు కన్ను మీద దూది దుమ్ము కప్పితే, తిరిగే చక్రాన్ని ఆగిందనుకుని మూత తెరిచేస్తుంది. అయస్కాంతం ఊడిపడితే అదీ అబద్ధమే చెబుతుంది గనక, ఎదురెదురు ఆకులకు రెండు బిగించాను.

అన్నూరువాళ్లు కూడా ఆరు ఆకులకూ బొట్లు పెట్టి పంపారు. గుడ్డ తీసుకుని అయిదు తుడిచేశాను. తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు చెబుతాను: ఇకమీదట ఒక్క ఆకుకే బొట్టు పెట్టండి, చక్రం తిరుగుతుంటే ఆ ఒక్కటే ఆరు చోట్ల కనిపిస్తుంది, ఆరు కనిపిస్తే చెయ్యి పెట్టకండి.