చెల్లెలు గెలిచిన ఆట

ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా అబ్బాయి కుర్చీ ఎక్కి, సజ్జ మీద ఉన్న నా చిన్ననాటి వీడియో గేమ్ డబ్బాను దించాడు. బోధన్ నుంచి వచ్చిన నా మేనకోడలు కింద నిలబడి అందుకుంది. వాడికి పదేళ్ళు, దానికి ఎనిమిది. నిజామాబాద్‌లో మా గల్లీ చివరనే ఒక నెట్ సెంటర్ ఉండేది. అక్కడి కంప్యూటర్లలో కారు గోడకు గుద్దుకుంటే అద్దం ముక్కలు ముక్కలుగా రాలడం చూసిన పిల్లలు వాళ్ళు. అలాంటి వాళ్ళ ముందు, నేను క్యాసెట్‌లోకి నాలుగుసార్లు ఉఫ్‌మని ఊది పెట్టాక, నా ఆట తెర మీదికి వచ్చింది. పచ్చ అంగీ వేసుకున్న మనిషి ఒకడు లాంతరు పట్టుకుని గుంతలు దూకాలి, ఎలుకలను తప్పించుకోవాలి. ఆరు స్టేజీలు దాటితే గుట్ట మీద దీపం వెలిగిస్తాడు.

"డాడీ, వీనికి మొఖం లేదు," అన్నాడు మా వాడు.

"ఉన్నది. గా రెండు డబ్బాలు కండ్లు," అంది మేనకోడలు.

"మరి చేతులేవి?"

"లేకుంటేంది, లాంతరు దానంతట అదే వస్తున్నది. నువ్వు ఆడు ముందు."

మొదటి గుంతలోనే పడ్డాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మళ్ళీ పడ్డాడు, మళ్ళీ నవ్వారు. మూడోసారికి ఆట మొదటికొచ్చింది.

"సేవ్ ఎక్కడున్నది డాడీ?"

"సేవ్ లేదు. సచ్చిపోతే మళ్ళ మొదటి సంది ఆడాలె. కరెంట్ పోయినా మొదటి సందే."

"పాపం మామ," అంది మేనకోడలు, నిజంగానే జాలిపడి.

పావుగంట తర్వాత నవ్వులు ఆగిపోయి పంతం మొదలైంది. "గీ ఎలుక మోసం జేస్తున్నది," అని మా వాడు టీవీతో తగువు పెట్టుకున్నాడు. ఎంత ఆడినా మూడో స్టేజీ దాటలేదు. చివరికి రిమోట్ ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగాడు. కళ్ళ నిండా భక్తి.

"ఆరు స్టేజీలు ఎట్ల దాటినవ్ డాడీ?"

నేను దాటలేదు. దాటింది నా చెల్లెలు.

ఎనభైల చివర మేము ఎడపల్లిలో ఉండేవాళ్ళం. బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆట నాదేనన్నట్టు నేనే ఆడేవాణ్ణి. బాపుకు టిఫిన్ ఇవ్వడానికి నేను సైకిల్ ఎక్కితేనే చెల్లెలి చేతికి రిమోట్ వచ్చేది. ఒక రోజు టిఫిన్ ఇచ్చి తిరిగొచ్చేసరికి తెరంతా పసుపు వెలుగు, గుట్ట మీద దీపం. ఇద్దరు దోస్తులు నా వెనకే లోపలికి వస్తున్నారు. నేను ఆమె చేతిలోంచి రిమోట్ తీసుకుని, "గెలిచిన," అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వారం మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. సాక్ష్యాలు చెప్పమని పెద్దాయన అడిగితే ఒకరు జ్వరం తగ్గినందుకు, ఒకరు బర్రె దొరికినందుకు స్తోత్రం చెప్పారు. నేను లేచి నిలబడి, ఆరు స్టేజీలు దాటించిన దేవునికి స్తోత్రం అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. సాక్ష్యానికి ఎదురు చెప్పే పద్ధతి మాలో లేదు. అది బాగా తెలిసే నిలబడ్డాను. చెల్లెలు ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసుకుంది.

ఆ తర్వాత పెళ్ళైన కొత్తలో భార్యకు, ఊహ తెలిసినప్పటి నుంచీ కొడుక్కు అదే కథ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కొంత పెంచాను.

ఇప్పుడు ఆ చెల్లెలు, మేనకోడలి తల్లి, పిల్లలు ఆడుతున్న గదిలోనే కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మంచం మీద నుంచి అమ్మ అందుకుంది.

"మీ డాడీ ప్రార్థనల నిలబడి సాక్ష్యం చెప్పిండు బిడ్డా. అందరు ఆమెన్ అన్నరు."

"అయితే ఆడి చూపెట్టు డాడీ."

ఆడాను. రెండో గుంతలో పడ్డాను. బటన్ అరిగిపోయిందన్నాను. మేనకోడలు రిమోట్‌ను చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూసింది.

"మంచిగనే టిక్కుమంటున్నది మామ."

మా వాడి ముఖంలో అనుమానం మొదలైంది. "అత్తా, డాడీ గెలిచింది నువ్వు చూసినవా?"

చెల్లెలు తల ఎత్తలేదు. "చూసిన బిడ్డా. దీపం మస్తు వెలిగింది."

ఆమె నిజం చెప్పి ఉంటే ఎదురు వాదించేవాణ్ణి. అలవాటే. కానీ ఆమె నన్ను కాపాడింది. అది తట్టుకోలేకపోయాను.

"నేను గెలవలేదురా. మీ అత్త గెలిచింది. నేను రిమోట్ గుంజుకున్న."

"ప్రార్థనల అబద్ధమాడినవా మామ?" అంది మేనకోడలు. దాని గొంతులో భయం కంటే సంబరమే ఎక్కువ.

అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "లేచి నిలబడు."

"అమ్మా, పిల్లల ముందట..."

"అప్పుడు నిలబడే చెప్పినవ్ గద. కూసొని చెప్తే సాక్ష్యం గాదు."

ముప్పై ఆరేళ్ళ మనిషిని, లుంగీ సర్దుకుని టీవీ పక్కన నిలబడ్డాను. గెలిచింది నా చెల్లెలని, ఆమె మెప్పును ఇరవై ఏళ్ళకు పైగా నేను తిన్నానని చెప్పడం మొదలుపెట్టాను. అంతలో, ఆడించేవాళ్ళు లేక నిలబడిపోయిన పచ్చ అంగీ మనిషిని ఎలుక వచ్చి గుద్దింది. కుయ్యిమంటూ తలకిందులై పడ్డాడు. మా వాడు చాప మీద దొర్లి నవ్వాడు. అమ్మ ఆమెన్ అనబోయి, సగంలో నవ్వొచ్చి, కొంగు అడ్డం పెట్టుకుంది. చెల్లెలు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. చివరికి నేనూ నవ్వాను. సాక్ష్యం మాత్రం పూర్తిచేసే కూర్చున్నాను.

మా వాడు రిమోట్ తీసుకెళ్ళి వాళ్ళ అత్త చేతిలో పెట్టాడు. ఆమె చేతులు తుడుచుకుని ఆడింది. ఒకటి, రెండు, మూడు. పిల్లలిద్దరూ ఆమె భుజాల మీద వాలిపోయి అరుస్తున్నారు.

"నా వంతెప్పుడురా?" అన్నాను.

"అత్త, నేను, ఇది, మళ్ళ అత్త. ఆఖరికి నువ్వు," అన్నాడు వాడు, తల తిప్పకుండానే.

చింతపండు గంప నా ముందుకు జరుపుకున్నాను. నాలుగో స్టేజీ వచ్చింది. తెర నిండా నీలి నీళ్ళు, నీళ్ళలో పడవ.

మా వాడు ఇప్పుడు తల తిప్పాడు. "డాడీ, నాలుగో స్టేజీల పాములుంటయన్నవ్ గద?"